గ్రౌండింగ్ అయింది సరే, మూడేళ్ల తర్వాత ఏమైంది?

ప్రభుత్వ ఆఫీసుల తెలుగులో ‘గ్రౌండింగ్’ అని ఒక మాట ఉంది. లోను మంజూరై, డబ్బు పడి, మిషను దిగి, దాని పక్కన లబ్ధిదారుణ్ని నిలబెట్టి ఫోటో తీస్తే యూనిట్ గ్రౌండ్ అయినట్టు. జిల్లా సమీక్షల్లో ప్రశ్నలు కూడా ఈ వరసలోనే ఉంటాయి: టార్గెట్ ఎంత, శాంక్షన్లు ఎన్ని, గ్రౌండింగ్ ఎన్ని. ఈ మూడు గడులూ నిండితే ఆ నెలకు గండం గడిచినట్టే. ఆ యూనిట్ ఇవాళ నడుస్తోందా అని అడిగే నాలుగో గడి నేను చూసిన కాగితాల్లో లేదు.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునేవాళ్లకు మన సీమ జిల్లాల్లో ప్రభుత్వం చేస్తున్న సాయం బాగుందా లేదా అన్న వాదన ఎప్పుడూ రెండు కొసల దగ్గరే జరుగుతుంది. ఒకాయన కోట్ల లెక్క చదువుతాడు. ఇంకొకాయన ‘ఏమొచ్చిందప్పా, అంతా వాళ్ల వాళ్లకే’ అని తీసిపారేస్తాడు. ఇద్దరూ ఏదీ కొలవలేదు. కొలవడం అంత తేలిక కాదు గానీ, అనంతపురం లాంటి జిల్లాకు చేతకాని పని కూడా కాదు.

సాయం చేసేది ఎవరు?

మొదటి చిక్కు ఇక్కడే. స్థానిక ప్రభుత్వం అంటే పంచాయతీ, మున్సిపాలిటీ అనుకుంటాం. రాజ్యాంగమూ అదే అంటుంది. 73వ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. ఆహార శుద్ధితో సహా చిన్న పరిశ్రమలు అందులో ఒకటి, ఖాదీ, గ్రామీణ, కుటీర పరిశ్రమలు ఇంకొకటి. కానీ గార్లదిన్నెలోనో శింగనమలలోనో ఒకావిడ పచ్చళ్ల యూనిట్ పెట్టాలనుకుంటే సర్పంచ్ దగ్గరికి పోదు. ఆయన దగ్గర దానికి నిధీ లేదు, అధికారమూ లేదు. ఆమె పోయేది జిల్లా పరిశ్రమల కేంద్రానికి. 1978 నుంచి దేశమంతా ఉన్న ఏర్పాటు అది. అక్కడి నుంచి బ్యాంకుకు. స్థలం కావాలంటే రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ, కరెంటుకు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్, పొదుపు సంఘం ద్వారా అయితే ఆ సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థలు, పల్లెలో వెలుగు, టౌన్లో మెప్మా. వీళ్లందరినీ ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టేది కలెక్టర్.

పారిశ్రామికవాడలోకి వెళ్తే మున్సిపాలిటీ ఇంకా దూరమవుతుంది. అక్కడ పన్ను వసూలు చేసేది, రోడ్డూ కాలువా చూసేది ‘ఐలా’, అంటే ఏపీఐఐసీ కిందుండే స్థానిక అథారిటీ. కౌన్సిలర్‌కు ఆ వాడ గేటు లోపల ఏం జరుగుతోందో పట్టించుకోవాల్సిన అవసరం పెద్దగా రాదు. పైగా ఇంతమంది చేతుల మీదుగా నడిచే సాయంలో తప్పు జరిగితే అది ఎవరిదో తేలదు. పరిశ్రమల కేంద్రం బ్యాంకు తిప్పి పంపిందంటుంది. బ్యాంకు ప్రాజెక్టు రిపోర్టు సరిగా లేదంటుంది. రిపోర్టు రాసిచ్చిన ఆడిటర్ ‘బ్యాంకుకు ఏది కావాలో అదే రాశాను’ అంటాడు. కాబట్టి ‘ప్రభుత్వ సాయం’ అని మొత్తంగా మార్కులు వేయడం కుదరదు. ఏ చేతి దగ్గర ఎన్నాళ్లు ఆగిందో విడివిడిగా చూడాలి.

సబ్సిడీ లెక్కలో దాగిన మంచి ఆలోచన

జనం నోట ఎక్కువగా వినిపించే పథకం పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2008లో పాత రెండు పథకాలను కలిపి దీన్ని తెచ్చారు. తయారీ యూనిట్‌కు ఇప్పుడు 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. ఒక మహిళ పల్లెలో 10 లక్షల యూనిట్ పెడుతుందనుకుందాం. ఆమె చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతం, అంటే 50 వేలు. మిగతా 9.5 లక్షలు బ్యాంకు ఇస్తుంది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, అంటే 3.5 లక్షలు, సబ్సిడీ. అదే యూనిట్‌ను జనరల్ కేటగిరీ మగవాడు టౌన్లో పెడితే సొంత డబ్బు లక్ష, సబ్సిడీ 15 శాతమే, లక్షన్నర.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ 3.5 లక్షలు ఆమె చేతికి రావు. బ్యాంకులోనే డిపాజిట్‌గా మూడేళ్లు కదలకుండా ఉంటాయి. వాటి మీద వడ్డీ రాదు, అంత మేరకు లోను మీద వడ్డీ పడదు. మూడేళ్ల తర్వాత యూనిట్‌ను చూసి, నడుస్తోందని రాస్తే అప్పుడు ఆ డబ్బును లోనులో సర్దుతారు. షాపు పెట్టి నెలకే మూసేసి సబ్సిడీ మింగేయకుండా పెట్టిన అడ్డు ఇది. పథకం రాసినవాళ్లు మూడో ఏడునే పరీక్షగా పెట్టారన్నమాట. ఆ పరీక్ష ఫలితాలను మాత్రం జిల్లాలో ఎవరూ బయటికి చదవరు. మొదటి రోజు ఫోటోకు వచ్చే ప్రచారంలో పదో వంతు కూడా మూడో ఏటి తనిఖీకి ఉండదు.

కిందటేడు ఎండాకాలం గార్లదిన్నె వైపు ఒకే రోజు రెండు యూనిట్లు చూశాను. మొదటిది చెక్క గానుగ. షెడ్డులోకి అడుగు పెట్టకముందే వేడి నూనె వాసన. శెనక్కాయల పప్పు రోలులోకి కొద్దికొద్దిగా వంచుతూ ఒకావిడ నిలబడి ఉంది. రెండున్నర కిలోల పప్పు ఆడితే సుమారు కిలో నూనె, మిగిలిన పిప్పే చెక్క. ‘నూనెలో మిగిలేది తక్కువే అన్నా. చెక్క ఎనుములకు అమ్ముకుంటా, అదే నన్ను నిలబెట్టింది’ అంది. గోడకు కొట్టిన మేకుకు కరెంటు బిల్లులు గుచ్చి పెట్టింది, మందంగా. బిల్లులు చూడొచ్చా అంటే నవ్వింది. ‘చూడన్నా. బ్యాంకోళ్లు మిషన్ ముందర ఫోటో తీసుకున్నారు గానీ వాటిని ఎవరూ చూడలేదు.’

రెండోది అదే రోడ్డు మీద ఆరు కిలోమీటర్ల అవతల, కాగితపు విస్తరాకుల యూనిట్. ఫ్లెక్సీ బోర్డు ఇంకా ఉంది, పథకం పేరుతో సహా. తాళం తీయిస్తే లోపల శెనక్కాయల మూటలు, మూలన టార్పాలిన్ కప్పిన మిషను. ముడి కాగితం బయటి నుంచి తెప్పించుకోవాలి, తయారైన సరుకు అనంతపురం హోల్‌సేల్ షాపుల రేటుకు అమ్మాలి. ఏడాదిన్నర లాగి వదిలేశారట. బోర్డు ఎందుకు తీయలేదని అడిగితే, ‘మూడేళ్లు కానీ’ అన్నాడు ఇంటాయన, దాచకుండా.

జిల్లా లెక్కలో ఈ రెండూ చెరొక ఒకటి.

ఎలాగూ జరిగేది కాదా?

నడుస్తున్న యూనిట్ కనబడగానే పథకం ఫలించిందని రాసేయొచ్చా? గానుగ ఆవిడనే తీసుకోండి. లోను రాకముందు ఆమె నాలుగేళ్లు పక్కూరి గానుగలో ఆడించుకొచ్చి, నూనె డబ్బాల్లో పోసి అనంతపురంలో ఇళ్లకు అమ్మేది. గిరాకీ ముందే ఉంది. లోను రాకపోయినా ఏడాది ఆలస్యంగానైనా సొంత గానుగ కొనేదేమో. అప్పుడు పథకం ఇచ్చింది ఒక వ్యాపారాన్ని కాదు, ఒక ఏడాదిని. అదీ విలువైనదే. కానీ ‘కొత్త పారిశ్రామికవేత్తను తయారు చేశాం’ అనడం వేరు, ‘అప్పటికే వ్యాపారంలో ఉన్నావిడకు ఏడాది కలిసొచ్చింది’ అనడం వేరు.

సాయం లేకపోతే ఏమయ్యేదో తెలిస్తేనే సాయం ఎంత పనిచేసిందో తెలుస్తుంది. ఒకే మనిషికి లోను ఇచ్చి, ఇవ్వకుండా, రెండు విధాలా చూడలేం కాబట్టి పరిశోధకులు చీటీలు వేస్తారు. దీనికి పేరున్న ఉదాహరణ మన హైదరాబాద్‌దే. 2005 తర్వాత స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ అక్కడి బస్తీల్లోకి వెళ్లేటప్పుడు 104 బస్తీలు తీసుకుని, చీటీ పద్ధతిలో 52 బస్తీల్లో ముందుగా బ్రాంచీలు తెరిచింది. మిగతా 52 బస్తీలు పోల్చి చూడ్డానికి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ దుఫ్లో, ఇంకొందరు కలిసి చేసిన పని అది. ఆ ఇద్దరికీ 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. తేలిందేమిటంటే, అప్పు దొరికినంత మాత్రాన సగటు కుటుంబం ఖర్చు చేసే స్థాయి పెద్దగా మారలేదు. కొత్తగా పుట్టిన వ్యాపారాలు చాలావరకు చిన్నవిగానే మిగిలాయి. అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు మాత్రం ఆ డబ్బుతో పెరిగారు. ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూసినా ఆ తేడా చెరిగిపోలేదు.

దీన్ని పీఎంఈజీపీ నిబంధన పక్కన పెట్టి చూడండి. మొదటి లోను కొత్త యూనిట్‌కు మాత్రమే. అప్పటికే నడుస్తున్నదానికి ఇవ్వరు. డబ్బును బాగా వాడుకోగల మనిషేమో అప్పటికే వ్యాపారంలో ఉంటుంది, పథకమేమో ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లను అడుగుతుంది. అందుకే గానుగ ఆవిడ లాంటివాళ్లు తమ పాత అనుభవాన్ని దరఖాస్తులో దాచుకుంటారు, కొత్తవాళ్లలాగా కనబడతారు. వాళ్లు చెప్పుకుంటే తిరస్కరణ. దాచుకుంటే రికార్డు తప్పు. ఈ పథకానికి ఎదిగే యూనిట్‌కు రెండో లోను ఇచ్చే సౌకర్యం తర్వాత చేర్చారు, అదీ ఇదే పథకంలోనో, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలోనో మొదటి లోను తీసుకున్నవాళ్లకే. అప్పు లేకుండా పదేళ్లు నెట్టుకొచ్చిన మనిషికి దాంట్లో దారి లేదు.

ఇంకో మోసం కూడా ఉంది, ఇది కంటికి అంత తొందరగా కనబడదు. మా వీధిలో ఏడేళ్ల కింద ఒక వాటర్ ప్లాంట్ వచ్చింది. నాలుగేళ్లలో మరో రెండు వచ్చాయి. కొన్నాళ్లు మూడింటి ముందూ ఆటోలు, ఖాళీ క్యాన్లు, మూడింటిలోనూ ఒక్కో కుర్రాడు. లెక్కకు మూడు యూనిట్లు, మూడు ఉద్యోగాలు. కానీ మా వీధివాళ్లు తాగే నీళ్లు పెరగలేదు. రెండోది వచ్చాక మొదటివాడు క్యాను రేటు దించాడు, మూడోది వచ్చాక మొదటివాడు ప్లాంటు మూసి ఆటో తోలుకుంటున్నాడు. ఒకరి గిరాకీ ఇంకొకరి జేబులోకి మారింది, అంతే. రాయదుర్గంలో బట్టలు కుట్టే యూనిట్లకు గానీ, బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్లకు గానీ లోన్లు ఇచ్చేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే: కొత్త యూనిట్ సరుకు ఊరు దాటి పోతుందా, లేక పక్క షెడ్డువాడి ఆర్డరే ఇటు మళ్లుతుందా? పీసు రేటు పడిపోతే నష్టపోయేది ఎక్కువగా మిషను మీద కూర్చున్న ఆడవాళ్లు. ఆ నష్టం ఏ పథకం ఖాతాలోకీ రాదు.

అంకెలు పెరుగుతాయి, తగ్గుతాయి, ఫ్యాక్టరీ మాత్రం అక్కడే ఉంటుంది

‘మన జిల్లాలో ఎంఎస్ఎంఈలు (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలు) ఇన్ని వేలు పెరిగాయి’ అనే వార్త వచ్చినప్పుడు ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే చాలు. 2020 జులై 1న ఉద్యమ్ అనే పోర్టల్‌లో ఈ పరిశ్రమల రిజిస్ట్రేషన్ మొదలైంది. అంతకుముందు ఉన్నవాళ్లు కూడా అందులో మళ్లీ నమోదు కావాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న తాడిపత్రి పాలిష్ యూనిట్ కూడా ఆ పోర్టల్‌లో కొత్త అంకెగానే పుట్టింది. ఆ పైన, లోను కావాలంటే ఉద్యమ్ నంబరు అడుగుతారు కాబట్టి లోన్లు పెరిగినప్పుడల్లా నమోదులూ పెరుగుతాయి.

2022 ఏప్రిల్ 4 ఇంకా తమాషా. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న కియా కార్ల ఫ్యాక్టరీ, హిందూపురం, ధర్మవరం పట్టు మగ్గాలు ఒక్క పూటలో అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాకు వెళ్లిపోయాయి. ఎవరూ ఏ ఫ్యాక్టరీ మూయలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు, కానీ అనంతపురం జిల్లా పరిశ్రమల లెక్క కూలిపోయింది. కర్నూలు నుంచి నంద్యాల విడిపోయినప్పుడూ ఇదే కథ. బేతంచెర్ల అటు పోయింది, ఆదోని ఇటు ఉండిపోయింది. 2022కు ముందూ తర్వాతా జిల్లా అంకెలు పోల్చి ఎవరైనా ‘పెరిగింది’ అన్నా ‘తగ్గింది’ అన్నా, ముందు మండలాలవారీగా విడగొట్టి చూపించమని అడగాలి.

పెద్ద ప్రాజెక్టుల దగ్గర కొలత ఇంకా వదులుగా ఉంటుంది. కడప జిల్లా ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. పార్టీలు మారాయి, స్థలాలు మారాయి, కొబ్బరికాయలు మారాయి. శంకుస్థాపనల లెక్కన చూస్తే కడప దేశంలోనే ముందుంటుంది. ఇప్పుడు కొప్పర్తి ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒకేసారి ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో రెండు మనవే: కడప దగ్గర కొప్పర్తి, 2,596 ఎకరాలు, కర్నూలు దగ్గర ఓర్వకల్లు, 2,621 ఎకరాలు. వాటికి రాసిన ఖర్చు 2,137 కోట్లు, 2,786 కోట్లు. ఎకరాలు, కోట్లు రెండూ మనం పెట్టేవే. ఆ స్థలంలో ఎంతమంది పనికి వెళ్తున్నారు, స్థానిక వర్క్‌షాపులకు ఎన్ని ఆర్డర్లు దొరుకుతున్నాయి అన్నవే మనకు వచ్చేవి. వాటి కోసం ఇప్పటి నుంచే లెక్క రాసుకోవడం మొదలుపెడితే పదేళ్ల తర్వాత పోల్చుకోవడానికి ఏదైనా ఉంటుంది.

ఓర్వకల్లు అనగానే నాకు మాత్రం పారిశ్రామికవాడ కంటే ముందు పొదుపు సంఘాలు గుర్తొస్తాయి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో అక్కడ మొదలైన మహిళా సంఘాల పని తర్వాత రాష్ట్రమంతా వెలుగుగా పాకింది. ఆ సంఘాల దగ్గర ఒక అలవాటు ఉంది. నెలనెలా తీర్మానాల పుస్తకంలో ఎవరు ఎంత తీసుకున్నారు, దేనికి తీసుకున్నారు, ఎంత కట్టారు అని రాస్తారు. పుస్తకాలు, హాజరు, చెల్లింపులు చూసి సంఘానికి గ్రేడు ఇస్తారు. చదువు పెద్దగా లేని ఆడవాళ్లు ముప్పై ఏళ్ల కిందటే నేర్చుకున్న విద్య అది. కంప్యూటర్లున్న ఆఫీసుకు మూడో ఏటి లెక్క ఎందుకు కష్టమవుతుందో నాకు అర్థం కాదు.

అయితే సంఘం పుస్తకంలో ‘వంద శాతం రికవరీ’ చూసి మురిసిపోవడమూ పొరపాటే. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసే దారులు ఎప్పుడూ ఉంటాయి. 2010లో సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి ఎంత దూరం పోయిందో, ఆ అక్టోబరులో వాటిని కట్టడి చేయడానికి ప్రభుత్వం ఎందుకు ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందో మనం చూసినవాళ్లమే. కిస్తీ కట్టారంటే వ్యాపారం సాగుతోందని కాదు. గొర్రెలు అమ్మి కట్టి ఉండొచ్చు.

డబ్బు కాని సాయం

సబ్సిడీ చుట్టూ ఇంత మాట్లాడుకుంటాం గానీ, నడుస్తున్న యూనిట్ యజమానిని అడిగితే ఆయన మొదట చెప్పేది సబ్సిడీ గురించి కాదు. ‘శాంక్షన్ అయింది, రిలీజ్ కాలేదు’ అంటాడు. కరెంటు రాయితీ, వడ్డీ రాయితీ, పెట్టుబడి రాయితీ జిల్లా కమిటీలో పాసవుతాయి. డబ్బు మాత్రం ఖజానాలో కదలాలి. 2021 సెప్టెంబరులో రాష్ట్రం ఒక్కసారిగా 1,124 కోట్ల ప్రోత్సాహకాలు విడుదల చేసింది. ఆ వార్తను అందరూ సంతోషంగా చదివారు. నేను చదివింది ఇంకోలా: అంత మొత్తం ఒకేసారి ఇవ్వాల్సి వచ్చిందంటే, అది ఎన్నాళ్లుగా పేరుకుపోయి ఉండాలి! యూనిట్ పెట్టేటప్పుడు ఆడిటర్ ఆ రాయితీని ఆదాయంలో కలిపి లెక్క వేస్తాడు. అది రాకపోతే ఆ నష్టాన్ని యజమాని బయట వడ్డీకి తెచ్చి పూడుస్తాడు.

చిన్న సరఫరాదారుకు బిల్లు 45 రోజుల్లోపు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కొన్నవాడు ప్రభుత్వ శాఖ అయినా సరే. కానీ ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆ ఆఫీసులో ఆర్డరు దొరుకుతుందా? నాకు తెలిసిన ఒకాయన ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఇనుప బెంచీలు చేసిచ్చి పద్నాలుగు నెలలు తిరిగాడు. వడ్డీ అడగలేదు. ‘అసలు ఇస్తే చాలు సామీ’ అన్నాడు. ఏ జిల్లాలోనైనా స్థానిక ప్రభుత్వ సాయాన్ని ఒక్క అంకెతో కొలవమని నన్నడిగితే నేను సబ్సిడీ కోట్లు ఎంచుకోను. చిన్నవాడి బిల్లు సగటున ఎన్ని రోజులకు తీరుతోందో, అది అడుగుతాను. ఆ అంకె తెలుసుకోవడానికి సర్వే కూడా అక్కర్లేదు, ఖజానా కంప్యూటర్లోనే ఉంది.

సులభ వాణిజ్యం (ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్) ర్యాంకుల్లో ఆంధ్రప్రదేశ్ 2016లో తెలంగాణతో కలిసి మొదటి స్థానంలో నిలిచింది, ఆ తర్వాతి రెండు విడతల్లోనూ మొదటిదే. అది రాష్ట్రం చేసిన మార్పులకు వచ్చిన పేరు, కాదనను. గుంతకల్లులో ఒక లేతు షాపుకు త్రీఫేజ్ కనెక్షన్ ఎన్ని రోజులకు వచ్చిందో ఆ ర్యాంకు చెప్పదు.

ఇన్నోవేషన్‌ను ఇదే త్రాసులో తూచకూడదు

2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్, అంటే కొత్త ఆలోచనలకు చేయూతనిచ్చే కేంద్రం, మొదలైంది. దాని ఐదు అనుబంధ కేంద్రాల్లో ఒకటి అనంతపురానికి వచ్చింది. మంచిదే. దీన్ని గ్రౌండింగ్ లెక్కతో కొలిస్తే మాత్రం చెడగొట్టినట్టే. వాటర్ ప్లాంట్ మూతపడితే అది నష్టం. కొత్త ఆలోచన పట్టుకుని రెండేళ్లు ప్రయత్నించి, కుదరదని తెలుసుకుని మానేస్తే అందులో నేర్చుకున్నది మిగులుతుంది. పదింటిలో ఎనిమిది పోయినా తొమ్మిదోదో పదోదో నిలబడితే హబ్ పనిచేసినట్టే. కాబట్టి ఇక్కడ ఓపిక కావాలి. ఓపిక ఉండాలంటే కలెక్టర్ బదిలీతో మారని లెక్క ఉండాలి. మనకున్నది హ్యాకథాన్ల లెక్క: ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని ఐడియాలు, ఎన్ని సర్టిఫికెట్లు. నేనైతే ఒక్కటే అడుగుతాను: చుట్టమూ, స్నేహితుడూ, ప్రభుత్వమూ కాని మొదటి మనిషి ఎప్పుడు డబ్బిచ్చి కొన్నాడు?

ఇంకో సంగతి. ఈ జిల్లాలో కొత్తది కనిపెట్టేవాళ్లు చాలామంది వెల్డింగ్ షాపుల్లో ఉంటారు. ట్రాక్టర్ గొర్రుకు ఇనుప గొట్టం మార్చి శెనక్కాయ విత్తు ఎడం సరిచేసేవాడు, చీనీ తోటకు మందు కొట్టే పంపును పాత మోపెడ్ ఇంజనుతో నడిపేవాడు. కేంద్రం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే కంపెనీ, ఎల్ఎల్‌పీ, రిజిస్టరైన భాగస్వామ్యం లాంటి ఏదో ఒక నమోదైన సంస్థ అయి ఉండాలి. షట్టరు మీద సొంత పేరు రాసుకున్న మెకానిక్ ఆ తలుపు దగ్గరే ఆగిపోతాడు. హబ్ పనిని కొలిచేటప్పుడు ఇలాంటివాళ్లు ఎంతమంది లోపలికి వచ్చారన్నది కూడా ఒక గడిగా ఉండాలి.

కొలిచే టేపు మన దగ్గరే ఉంది

ఇదంతా చేయడానికి ఢిల్లీ నుంచి నిపుణులు రానక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశానికి మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంతోనే సోషల్ ఆడిట్ మన ఊళ్లకు అలవాటైంది. రికార్డులో రాసిన గుంతను టేపు పట్టి కొలవడం, మస్టరులో పేరున్న మనిషి ఇంటికి వెళ్లి ‘నువ్వు పని చేశావా, డబ్బు ముట్టిందా’ అని అడగడం, ఊరి సభలో గట్టిగా చదివి వినిపించడం. ఉపాధి కూలీల విషయంలో గుంత లోతు కొలిచే మనం, 10 లక్షల యూనిట్ దగ్గరికి వచ్చేసరికి ఫోటోతో సరిపెట్టుకుంటున్నాం.

మూడేళ్ల కిందటి జాబితా నుంచి మండలానికి పది యూనిట్లు చీటీలు తీసి ఎంచుకుంటే చాలు. ఏవి చూపించాలో ఆఫీసు ఎంచుకోకూడదు. వెళ్లినప్పుడు బోర్డు ఫోటో వద్దు, కరెంటు బిల్లు చూడాలి. మిషను తిరిగితే మీటరూ తిరుగుతుంది, నెలనెలా. ఇంట్లోవాళ్లు కాక ఇంకెవరికి కూలి ఇస్తున్నారో అడగాలి. ఇది పెట్టకముందు ఏం చేసేవాళ్లో అడగాలి, దాచుకోవాల్సిన భయం లేకుండా. లోను తిరస్కరించినవాళ్లలో కొందరి దగ్గరికీ వెళ్లాలి, ఇది అందరూ మరిచిపోయే పని. వాళ్లలో సగంమంది ఎలాగో వ్యాపారం పెట్టేసి ఉంటే మన సాయం విలువ ఒక రకం, ఎవరూ పెట్టలేకపోయి ఉంటే ఇంకో రకం. అనంతపురంలో ఉన్న రుడ్‌సెట్ తరహా స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల పద్ధతిలో, శిక్షణ ముగిశాక రెండేళ్లపాటు మనిషిని వెంబడించి చూసే ఏర్పాటు ఉంది. దాన్ని ఇంకో ఏడాది పొడిగించి, ఫలితాలను జిల్లా పరిషత్ సమావేశంలో చదివితే జెడ్పీటీసీలకు కూడా అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అంతదాకా మిగిలింది సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. నేనూ ఒక ఆఫీసుకు అర్జీ పెట్టాను. మూడేళ్ల కింద మంజూరైన యూనిట్లు, ప్రస్తుత స్థితి, సబ్సిడీ సర్దుబాటు అయిందా లేదా ఇవ్వమన్నాను. రెండు నెలలకు ఆరు పేజీలు వచ్చాయి. ఊరు, యూనిట్ రకం, లోను, సబ్సిడీ అన్నీ ఉన్నాయి, చక్కగా గడులు గీసి. చివరి గడి ‘ప్రస్తుత స్థితి’. పైనుంచి కిందిదాకా ప్రతి వరసలోనూ ఒకే మాట: గ్రౌండెడ్. గానుగ ఎదురుగా అదే, మూటలు పేర్చిన విస్తరాకుల షెడ్డు ఎదురుగా అదే.